పోయిన లెక్కలు తిరిగి వచ్చునా?

లెక్క లెరిగిన గ్రామపెద్దలకు చిట్టా యననేమో, ఆవర్జా యననేమో నేను చెప్ప నక్కరలేదు. ఏనాటి జమాఖర్చు లానాడు వరుసగా వ్రాయునది చిట్టా. ఆ పద్దులను ఒక్కొక్క ఆసామి పేర విడదీసి చేర్చునది ఆవర్జా. ఈ రెండు పుస్తకముల భేదము తెలిసినవారికి నేటి నా ప్రసంగ విషయము సుబోధముగనే యుండును.

ఇప్పుడు భూముల అడంగళ్లు, బ్యాంకు ఖాతాలు, రేషను కార్డుల వివరములు కంప్యూటరులలో నుండుచున్నవి. 2022వ సంవత్సరమున కేంద్రప్రభుత్వము 63,000 ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘముల లెక్కలను కంప్యూటరుల కెక్కించు పథకమును ఆమోదించినది. ఇట్లు క్రమముగా కూర్చిన సమాచారరాశిని డేటాబేసు అందురు. అందు ఒక్కొక్క విషయమునకు ఒక్కొక్క పట్టిక యుండును. దానినే టేబులు అనుట వాడుక. లక్షమంది పేర్లు గల పట్టికను తొలగించుటకు ఒక్క పంక్తి ఆజ్ఞ చాలును. పుస్తకమును చింపువాని చేయి నడుమ నాగవచ్చును గాని, ఆ యాజ్ఞ కంత వ్యవధి యుండదు.

అట్లు పోయిన పట్టిక తిరిగి వచ్చునా? కొన్ని వేళల వచ్చును. పోస్ట్‌గ్రెస్ అను డేటాబేసులో పనిని ఒక వ్యవహారముగా ప్రారంభించినచో, తుదను ఖాయపరచువరకు జరిగినదంతయు రద్దు చేసికొనవచ్చును. మై ఎస్‌క్యూఎల్‌లో పట్టికను తొలగించు ఆజ్ఞ వెంటనే ఖాయమగును. మరల రద్దు లేదు. ఇక డిస్కు సంగతి. తొలగించిన మాత్రమున అక్షరములన్నియు ఒక్కసారిగా మాసిపోవు. ఆ చోటు ఖాళీ యని గుర్తు మాత్రము పడును. దానిపై వేరొకటి వ్రాయబడిననాడే నిజముగా పోవును. కావున ప్రమాదము జరిగిన తక్షణమే ఆ కంప్యూటరులో వ్రాతపను లన్నియు నిలుపవలెను. నిపుణులు కొంత వెలికి తీయగలరు. అయినను కొన్ని కొత్తరకపు డిస్కులలో ఆ యవకాశము కూడ నుండదు.

నమ్మదగిన మార్గ మొక్కటియే: ముందుగా తీసిన నకలు. డేటాబేసు కూడ చిట్టావంటి దానిని వ్రాసికొనును. జరిగిన ప్రతి మార్పును అందు వరుసగా నెక్కును. ఆవర్జాను చెదలు తినినచో మన మేమి చేయుదుము? పాత ఆవర్జా నకలు తీసికొని, ఆ తేదీ మొదలు చిట్టాలోని పద్దులను ఒక్కొక్కటిగా చేర్చుచు వత్తుము. కంప్యూటరులోను అంతియే. పాత నకలుపై చిట్టాను నడపి, పొరపాటు ఆజ్ఞకు సరిగా ముందు పంక్తివద్ద ఆపవచ్చును. నకలు లేక చిట్టా యొక్కటి యున్నను, చిట్టా లేక పాత నకలు మాత్ర మున్నను ఈ పని పూర్తి కాదు.

నకలున్నదని నమ్మియుండుట వేరు, నకలుండుట వేరు. 2017 జనవరి 31వ తేది రాత్రి గిట్‌ల్యాబ్ సంస్థలో జరిగిన దుర్ఘటన ఇందుకు తార్కాణము. ప్రోగ్రాములు వ్రాయువారు తమ పనిని దాచుకొనుటకు ఉపయోగించు సంస్థ యది. ప్రధాన సర్వరుతో దాని ప్రతిరూపమగు రెండవ సర్వరు సరిగా కలియకపోవుటచే, ఒక ఇంజనీరు రెండవదానిని తుడిచి మరల నింప నెంచెను. ఆజ్ఞ మాత్రము ప్రధాన సర్వరుపై పడినది. ఒకటి రెండు సెకండ్లలో గ్రహించి ఆపినను, సుమారు 300 గిగాబైట్లలో 4.5 గిగాబైట్లు మాత్రమే మిగిలినవి.

దినదినము నకలు చేరవలసిన చోట చూడగా నేమియు లేదు. నకలు తీయు సాధనము 9.2వ రూపాంతరము, డేటాబేసు 9.6వది. రెంటికిని పొత్తు కుదరక ఆ పని విఫలమగుచు వచ్చినది. విఫలమైనదని తెలుపు ఈమెయిలు జాబులు కూడ మధ్యనే తిరస్కరింపబడి ఎవరికిని చేరలేదు. తుదకు, సుమారు ఆరు గంటల ముందు వేరొక పనికై తీసియుంచిన డిస్కు ప్రతిబింబ మొకటి దొరకినది. దానితో మరునాటి సాయంకాలమునకు సంస్థ తిరిగి నడచినది. ఆ నడిమి గంటలలో చేరిన సుమారు 5,000 ప్రాజెక్టుల వివరములు, 5,000 వ్యాఖ్యలు, 700 కొత్త ఖాతాలు పోయినవి. ఈ వృత్తాంతమును సంస్థవారే దాచక లోకమునకు ప్రకటించిరి.

దీనినుండి నేను గ్రహించినవి రెండు. ప్రతిరూప సర్వరు నకలు కాదు. ప్రధాన పుస్తకములో కొట్టివేసిన పంక్తి క్షణములో అందును కొట్టివేయబడును. రెండవది, తీసి చూడని నకలును నమ్మరాదు. గాదెలో విత్తన మున్నదని మనము ఊరకుందుమా? పిడికెడు తడిపి, మొలక చూచిన పిమ్మటనే చేలో చల్లుదుము. అట్లే నెలకొకమారైన నకలునుండి పట్టికను వేరొక కంప్యూటరులో నిలిపి మొత్తములు సరిచూడవలెను. అసలుతో గూడ మూడు ప్రతులు, రెండు రకముల సాధనములపై, అందొకటి వేరొక యూర నుంచుట నిపుణుల నియమము.

ఆరు గంటల నష్టము స్వల్పమని తోచవచ్చును. మన సంఘములో ఉదయము అప్పు తీర్చిన రైతు నొకని తలంచుడు. సాయంకాలము పట్టిక పోయి, ముందురాత్రి నకలు మాత్రమే నిలిచినచో, ఆ లెక్కలో అతడు మరల బాకీదారే. అతని చేతి రసీదే యప్పుడు సాక్ష్యము. కావున రసీదులను భద్రపరచుకొనుట మన వంతు. ఏ గంటల లెక్క పోయినదో చాటించి, రసీదులు చూచి పద్దులు సరిచేయుట కార్యాలయపు వంతు.

వచ్చు సర్వసభ్య సమావేశమున కార్యదర్శిని నకలున్నదా యని యడిగిన చాలదు. ఆ నకలునుండి లెక్కను తిరిగి తీసి చూచిన తేది యేదో యడుగుడు. ఆ తేదిని మినిట్సు పుస్తకములో వ్రాయించుడు.