ఇంటి కారు – కరెంటు పనిముట్లు

మోటారుబండి గలవారనగా ఒకప్పుడు జమీందారులో, పట్నపు వకీళ్లో యని తలంచుట వాడుక. నేడట్లు కాదు. ఉపాధ్యాయులు, బ్యాంకి గుమాస్తాలు, చిన్న దుకాణముల యజమానులును వాయిదాల పద్ధతిని కారు కొనుచున్నారు. బండి యింటికి వచ్చిన వెనుక దాని పోషణభారము గూడ ఇంటి జమాఖర్చులలో చేరును. ఆ జమాఖర్చులు చూచుకొనువారము పెక్కిండ్లలో మనమే. ఇటీవల ఇంటిలోని మగవారును, ఎదిగిన పిల్లలును ఫోనులలో బొమ్మలు చూచి, "ఈ మఱ యొకటి యున్నచో మేస్త్రీతో పనిలేదు" అని కరెంటు పనిముట్లపై ముచ్చటపడుచున్నారు. అందు కొన్ని నిజముగా ధనమును మిగుల్చును. కొన్ని అటకమీద తుప్పుపట్టును. కొన్ని చేతివ్రేళ్లకు, కన్నులకు ముప్పు తెచ్చును. ఏది యెట్టిదో తెలిసికొని తగిన సలహా చెప్పుట గృహిణికి కర్తవ్యము.

ఇది మగవారి విషయము గదా యని కొందఱు సోదరీమణులు తలంపవచ్చును. 1888వ సంవత్సరము ఆగస్టు నెలలో జర్మనీదేశమున బెర్తా బెంజి యను నామె, భర్త నిర్మించిన మూడుచక్రముల మోటారుబండిపై ఇద్దఱు కుమారులను వెంటబెట్టుకొని, భర్తకు ముందుగా చెప్పకయే మన్‌హైమ్ నుండి ఫోర్జ్‌హైమ్‌లోని పుట్టినింటికి సుమారు నూఱు కిలోమీటర్లు ప్రయాణము చేసెను. దారిలో ఇంధనము వచ్చు గొట్టము మూసికొనిపోగా టోపీసూదితో దానిని శుభ్రపఱచెను. బ్రేకుకట్ట అరిగిపోగా చెప్పులు కుట్టువానిచే తోలు తొడిగించెను. మోటారుబండిపై జరిగిన మొదటి దూరప్రయాణమందే మరమ్మతు చేసినది స్త్రీ యైనప్పుడు, ఈ ప్రసంగము మనకు పరాయిది యెట్లగును?

మఱకు ముందు ప్రాణము

ఏ మఱయు కొనకముందు కొనవలసినవి రెండు కలవు. మొదటిది జాకీస్టాండులనబడు ఇనుప ఆధారముల జత. బండితోపాటు వచ్చు జాకీ చక్రము మార్చుటకు మాత్రమే యుద్దేశింపబడినది. దానిని మాత్రమే నమ్మి బండిక్రింద దూరరాదు. జాకీ జాఱినచో వేయికిలోల బరువు మనిషిమీద పడును. గట్టి సమతలముపై బండి నిలిపి, చేతిబ్రేకు వేసి, నేలపై నున్న చక్రములకు రాళ్లో కఱ్ఱదిమ్మలో అడ్డుపెట్టి, జాకీతో లేపి, స్టాండులపై బరువు దింపిన పిమ్మటనే క్రిందికి పోవలెను. చిన్నపిల్లలను ఆ దరిదాపులకు రానీయరాదు. రెండవది కన్నులకు అద్దములు. ఈ రెంటికి డబ్బు లేదన్నవారికి మఱ కొనుటకును డబ్బు లేదనియే భావింపవలెను.

గాలిపంపు

కరెంటు సామానులలో మొదటి తాంబూలము చిన్న గాలిపంపునకు ఈయవచ్చును. ఇది కారులోని పండ్రెండు వోల్టుల సాకెట్టునుండియే నడచును. టైరులో గాలి తక్కువైనచో టైరు త్వరగా అరుగును, పెట్రోలు ఎక్కువ ఖర్చగును, వేసవిలో వేగముగా పోవునపుడు టైరు వేడెక్కి పగులుటకును అవకాశము గలదు. ఎంత గాలి యుండవలెనో డ్రైవరు తలుపు ప్రక్కనున్న చీటిపై ముద్రించియుందురు. చిన్న కార్లకు సాధారణముగా 30 నుండి 35 పౌండ్ల నడుమ నుండును. బండి నడువకముందు, టైరు చల్లగా నున్నప్పుడు చూచుట సరియైన పద్ధతి. పంపును పది పదిహేను నిమిషములకు మించి ఏకబిగిని నడపక చల్లారనీయవలెను. చీకటిపడిన వేళ పంక్చరుషాపు లేని దారిలో ఒంటరిగా బండి నడుపు స్త్రీకి ఈ చిన్న వస్తువు ఒక తోడు. మేకు దిగిన టైరునుండి గాలి మెల్లగా పోవుచున్నప్పుడు దీనితో గాలి నింపుకొని దీపములున్న చోటివఱకు చేరుకొనవచ్చును.

చక్రపు నట్లు విప్పు మఱ

పిల్లలు ఎక్కువగా అడుగునది ఇంపాక్టు రెంచి. లోపలి సుత్తివంటి భాగము క్షణమునకు అనేక పర్యాయములు మొత్తుటచేత బిగిసిన నటు వదులగును. దీని బలమును న్యూటన్ మీటర్లలో చెప్పుదురు. పెట్టెపై పెద్ద అక్షరములతో వ్రాయు సంఖ్య తఱచుగా విప్పునప్పటి బలమే కాని బిగించునప్పటిది కాదు. చిన్న కార్ల చక్రపు నట్లు బిగింపవలసినది సుమారు 80 నుండి 120 న్యూటన్ మీటర్లు మాత్రమే. మన బండికి సరిగా నెంతయో బండితో నిచ్చిన పుస్తకములో నుండును. తుప్పుపట్టిన నటు విప్పుటకు ఇంతకు రెండు మూడురెట్లు బలము చాలును. వేయి న్యూటన్ మీటర్ల మఱ లారీలవారికే గాని మనకు కాదు.

మఱియొక ముఖ్యవిషయము. ఈ మఱ విప్పుటకే, బిగించుటకు కాదు. దీనితో తుదికంట బిగించినచో బోల్టు సాగవచ్చును, బ్రేకు పళ్లెము వంకరపోవచ్చును, దారిలో టైరు మార్పవలసినప్పుడు చేతిపానాతో నటు కదలనే కదలదు. చేతితో త్రిప్పి నట్లు నిలిపి, తుదిబిగింపు టార్కురెంచితో చేయవలెను. ఇది విద్యుత్తుతో నడచునది కాదు. ఐనను డబ్బు ఒక్కదానికే యున్నచో ఇంపాక్టు రెంచిని మాని దీనిని కొనుట మేలు. మఱకు వాడు సాకెట్లు గూడ వేఱు. మెఱయు సాధారణ సాకెట్లు దెబ్బలకు పగిలి ముక్కలు ఎగురును. ఇంపాక్టు కొఱకు చేసిన నల్లనివి వాడవలెను.

తీగయా, బ్యాటరీయా?

చేతపట్టుకొను విద్యుత్ డ్రిల్లు 1895లో జర్మనీయందు స్టుట్‌గార్టు నగరమున ఫైన్ సంస్థవారు నిర్మించినది. తుపాకివలె పట్టి మీట నొక్కు రూపమునకు అమెరికాలో బ్లాక్ అండ్ డెక్కర్ వారు 1917లో పేటెంటు పొందిరి. తీగ లేని డ్రిల్లును 1961లో తెచ్చినవారును వారే. నేటి బ్యాటరీలు లిథియముతో చేసినవి, తేలికైనవి, బలమైనవి. కాని వాడినను వాడకున్నను కాలముతోపాటు వీని సత్తువ తగ్గును. ఎండలో నిలిపిన కారులో ఉంచినచో మఱింత త్వరగా చెడును.

కొందఱు వర్తకులు 18 వోల్టుల దానికన్న 20 వోల్టులది మేలని చెప్పి ఎక్కువ ధర యడుగుదురు. రెంటిలోను ఉన్నవి అయిదు గదులే. పూర్తిగా ఛార్జి చేసినప్పుడు గదికి నాలుగు వోల్టుల చొప్పున లెక్కించి ఇరువది యందురు, సగటున 3.6 చొప్పున లెక్కించి పదునెనిమిది యందురు. కావున ఈ భేదమునకు ఒక్క రూపాయియు అధికముగా ఈయనక్కఱలేదు. చూడవలసినది ఆంపియరు గంటల సంఖ్య. రెండుకన్న నాలుగు గల బ్యాటరీ ఇంచుమించు రెట్టింపు కాలము పని చేయును.

బ్యాటరీ, ఛార్జరుల వెలయే ఎక్కువ. ఒక కంపెనీ బ్యాటరీ మఱియొక కంపెనీ మఱకు సాధారణముగా పట్టదు. కావున మొదటి మఱ కొనునప్పుడే, ఇదే బ్యాటరీతో నడచు ఇతరసామగ్రి ఏమేమి యున్నదో, నాలుగేండ్ల తరువాత బ్యాటరీ దొరకునో దొరకదో విచారింపవలెను. ఏటికి రెండు మూడుసార్లు మాత్రమే వాడువారికి తీగ గల మఱయే చౌక. దానికి ముసలితనము త్వరగా రాదు. అరిగిన కార్బనుబ్రష్షులను కొలది వెలకే మార్పించవచ్చును.

అమెరికానుండి వచ్చు కుమారులు, అల్లుండ్రు పనిముట్లు తెచ్చుటయు మన యిండ్లలో కలదు. అచ్చటి కరెంటు 120 వోల్టులు, మనది 230. అచ్చటి తీగమఱను ఇచ్చట నేరుగా తగిలించినచో కాలిపోవును. బ్యాటరీమఱ యైనచో ఛార్జరుపై 100 నుండి 240 వోల్టుల వఱకు అని వ్రాసియున్నదో లేదో చూడవలెను. విడి బ్యాటరీలను విమానములో చేతిసంచియందే తేవలెను. 18 వోల్టుల, 5 ఆంపియరు గంటల బ్యాటరీ 90 వాట్ గంటలగును. నూఱు దాటినచో విమానసంస్థ అనుమతి ముందుగా కావలెను.

కొనక మానదగినది

కోయునట్టి, అరుగదీయునట్టి గ్రైండరు చౌకగా దొరకును. అందువలననే అనేకులు కొందురు. నిమిషమునకు పదివేలకు పైబడి తిరుగు ఈ చక్రము ఇంటికారుకు అరుదుగా కావలసివచ్చును. తప్పక వాడవలసినచో కవచము తీయరాదు; చక్రముపై వ్రాసిన వేగము మఱవేగముకన్న తక్కువగా నుండరాదు; గడువు దాటిన చక్రమును బిగింపరాదు; కఱ్ఱకోయు పండ్లచక్రమును దీనికి తగిలించుట ప్రాణాంతకము. తిరుగు ఏ మఱ దగ్గఱనైనను చీరకొంగు, జడ, గాజులు, మెడగొలుసు, చున్నీ ప్రమాదమును పిలుచును. కొంగు బిగించి, జడ ముడిచి, నగలు తీసి పని ముట్టవలెను. డ్రిల్లు వాడునప్పుడు వదులైన చేతితొడుగులును పనికిరావు.

ఇంటి లెక్క

ఒక ఇంపాక్టు రెంచి వెల 7,000 రూపాయలనుకొందము. టైర్ల స్థానములు మార్పించుటకు మేస్త్రీకి ఒక్కొక్క తడవ 400 చొప్పున, ఏటికి రెండు తడవలు ఇత్తుమనుకొందము. ఏటికి 800. మఱ వెల తిరిగివచ్చుటకు తొమ్మిదేండ్లు పట్టును. అంతలో బ్యాటరీ మార్పవలసియే యుండును. అదే డ్రిల్లైనచో కారుపనితోపాటు కర్టెన్ల కడ్డీలకు, వంటింటి అరలకు, పటములకు గూడ ఉపకరించును. కావున "కారుకు ఎంత యవసరము" అని మాత్రమే గాక "ఇంటికి ఎన్నిసార్లు పనికివచ్చును" అని యడుగవలెను. అపార్టుమెంటులలో నాలుగు కుటుంబములు కలసి ఒక జత సామగ్రి కొని, ఒక పుస్తకములో వాడుక వ్రాసికొనుట మఱింత మేలు.

కొనునప్పుడు సికిందరాబాదు రాణీగంజులోనో, విజయవాడ ఆటోనగరులోనో మఱను చేత పట్టుకొని బరువు చూచి, మన యూరిలో మరమ్మతు చేయువారున్నారా యని యడిగి, రసీదుతో గ్యారంటీ చీటి తీసికొనవలెను. తీగమఱపై చదరములో చదరము గుర్తున్నచో దానికి రెండు పొరల రక్షణ గలదని యర్థము. ఇంటిలో 30 మిల్లీఆంపియర్లకు కరెంటు ఆపివేయు రక్షణస్విచ్చు ఉండుట యన్నిటికన్న క్షేమము.

బ్రేకులు, స్టీరింగు, ఎయిరుబ్యాగులు, గ్యాసుతో నడచు బండ్ల గొట్టములు – ఇవి ఇంటిలో ముట్టదగినవి కావు. ఎంత చౌకమఱ దొరకినను ఆ పనులు నేర్పరియైన మేస్త్రీకే విడువవలెను. తక్కిన చిన్నపనులు నేర్చుకొనుటకు స్త్రీపురుషభేదము లేదు. ఆడపిల్లలకు గూడ గాలి చూచుట, చక్రము మార్చుట నేర్పించుడు. మఱ కొనుట ఒకనాటి ఖర్చు. తెలివితో వాడుట దినదినము ఇంటికి కలిసివచ్చు సంపద.