ముందు పాయసం... తర్వాతే పులుసు!

చేపల పులుసు కాచిన గిన్నెలో పాయసం వండాలంటే? గీకి గీకి తోమాలి. ముందు పాయసం, తర్వాత పులుసు అనుకుంటే ఆ తిప్పలు తగ్గుతాయి. నెల్లూరు ఇల్లాలికి తెలిసిన ఈ కిటుకే చమురుశుద్ధి కర్మాగారాలకూ కీలకం!

రామాయపట్నం దగ్గర భారత్ పెట్రోలియం భారీ రిఫైనరీ తలపెట్టింది. తొలి పనులకు 2024 డిసెంబరులో 6,100 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. మరి పొగ సంగతో?

ముడిచమురంతా ఒకటి కాదు. గంధకం ఎక్కువున్న రకం చవక. కానీ 2020 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న బీఎస్-6 ప్రకారం పెట్రోలు, డీజిల్‌లో గంధకం పది లక్షల పాళ్లకు 10 మించకూడదు. దాన్ని తొలగించాలంటే హైడ్రోజన్ కావాలి. సహజవాయువు నుంచి హైడ్రోజన్ తీస్తే బోలెడంత కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. పైగా చమురు రకం మార్చిన ప్రతిసారీ కొలిమి వేడి కుదురుకునేదాకా ఇంధనం వృథా.

అందుకే ఏ ఓడ సరుకు ఏ ట్యాంకుకి, ఏ రకం తర్వాత ఏ రకం అన్నది కంప్యూటర్ ముందే లెక్కగడుతుంది. ఒకేలాంటి రకాలను వరసగా శుద్ధిచేస్తే ఖర్చూ తగ్గుతుంది, పొగా తగ్గుతుంది. అక్కడిదాకా లాభమూ గాలీ ఒకే పక్షం. ఆపైన? చవక చమురా, మంచి గాలా అని తేల్చాల్సింది మనుషులే.

రామాయపట్నంలో పొయ్యి వెలిగేలోపే అది తేలితే మంచిది!