పాత జీపులో పొగ ఎందుకు?

కొత్తగూడెం నుంచి భద్రాచలం వెళ్లే అడవి దారిలో పాత జీపు ఆగింది అనుకోండి. బానెట్ సందుల్లోంచి పొగ! 12 వోల్టుల బ్యాటరీ ముట్టుకుంటే షాకే కొట్టదు, మరి మంట ఎలా?

55 వాట్ల హెడ్‌లైట్ బల్బు సుమారు నాలుగున్నర ఆంపియర్లే తీసుకుంటుంది. కానీ ఏళ్ల తరబడి ఇంజిన్ వేడికి వైరు తొడుగు పెళుసెక్కి పగులుతుంది, ఎలుకలూ కొరుకుతాయి. లోపలి రాగి బండి బాడీకి తగిలితే కరెంటుకు అడ్డదారి దొరికినట్టే, ఎందుకంటే బాడీయే బ్యాటరీకి తిరుగుదారి. మధ్యలో బల్బు లేదు కాబట్టి వందల ఆంపియర్లు దూసుకుపోతాయి. కరెంటు 10 రెట్లైతే వేడి 100 రెట్లు! తొడుగు కరిగి నిప్పంటుకుంటుంది.

ఫ్యూజు ఉంటే అదే ముందుగా కరిగి దారి తెంపుతుంది. దాని బదులు రాగి తీగ చుడితే కాపలావాణ్ని ఇంటికి పంపేసినట్టే. పొగ కనిపిస్తే దిగి దూరంగా వెళ్లండి. బానెట్ ఎత్తితే గాలి తగిలి మంట ఎగసిపడుతుంది.