రేకు వంచు యంత్రములు: సంఘము కొనదగిన దేది?

గ్రామ సంఘము రేకుపని శాల నొకటి పెట్టదలచినప్పుడు మొదట తేల్చుకొనవలసినది ఏ యంత్రము కొనవలెనను సంగతి. ఇది సభ్యుల వాటాధనముతో ముడిపడిన విషయము. యంత్రము ఊరకున్న దినములకును అప్పుపై వడ్డీ నడచుచునే యుండును. కావున రైతు సోదరులు ఆయా యంత్రముల పనితీరును ముందుగా తెలిసికొనుట మేలు.

రేకు వంచు యంత్రములలో ముఖ్యమైనవి మూడు. మొదటిది చేతి మడత యంత్రము. రేకును రెండు ఇనుప దిమ్మెల నడుమ బిగించి, ముందరి పలకను పిడులతో పైకెత్తినచో, గీటు వెంబడి అంచు తిన్నగా మడతపడును. రెండవది మూడు రోలర్ల యంత్రము. చెరకు గానుగలో చెరకు దూరినట్లు రేకు దీనిలో దూరి, గుండ్రముగా వంగి వెలువడును. మూడవది ప్రెస్ బ్రేక్. ఇది నూనె ఒత్తిడితో పై అచ్చును దించి, రేకును దిగువ గాడిలోనికి అదుమును. గాడి వెడల్పు రేకు మందమునకు సుమారు 8 రెట్లుండుట వాడుక. మందపు పలకలను సయితము వంచగలదు గాని, వెల మిక్కిలి హెచ్చు. ఏమరినచో వ్రేళ్లు పోవును.

ఇచట ఒక లెక్క గుర్తుంచుకొనవలెను. మడత పొడవు రెట్టింపైనచో చేతి యంత్రమునకు కావలసిన బలము రెట్టింపగును. రేకు మందము రెట్టింపైనచో నాలుగు రెట్లగును. కాబట్టి యంత్రమును నిర్ణయించునది ముఖ్యముగా మందమే. గేజి సంఖ్య పెరిగినకొద్ది రేకు పలుచనగునని మరువరాదు.

ధాన్యపు గాదెను ఉదాహరణగా గైకొందము. 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు గల జింకు పూత రేకును చుట్టినచో, సుమారు రెండున్నర అడుగుల అడ్డుకొలతతో 75 కిలోల వడ్ల బస్తాలు నాలుగు పట్టు గాదె యగును. దీనికి 24 గేజి వంటి పలుచని రేకు చాలును. చేతి మడత యంత్రము, రోలర్లు ఉన్న సరిపోవును. అంచులను ఒకదానిలో నొకటి తగిలించి అణచు కీలుకు, కీలు వెడల్పునకు మూడింతల రేకు అదనముగా విడువవలెను. జింకు రేకును వెల్డింగు చేయరాదు; పూత కాలి లేచు పొగ పీల్చినవారికి జ్వరము వచ్చును.

యంత్రము లేకయే కొంత పని సాగించవచ్చును. రెండు కోణపు ఇనుప కడ్డీల నడుమ రేకును బోల్టులతో బిగించి, కొయ్యసుత్తితో ఈ కొననుండి ఆ కొనవరకు కొద్దికొద్దిగా కొట్టుచు వంచవలెను. ఒకచోటనే పూర్తిగా వంచినచో రేకు మెలిక పడును. వంచిన రేకు విడువగనే కొంచెము వెనుకకు మరలును గనుక, కావలసిన దానికన్న కొద్దిగా ఎక్కువ వంచవలెను. మరీ పదునుగా మడచినచో పూత చిట్లి, అచట త్రుప్పు పట్టును.

మా సలహా యిది. మొదట కోణపు కడ్డీలతో పని ప్రారంభింపుడు. గాదెలు, తొట్లు కావలెననువారు పెరిగినపుడు చేతి యంత్రమును, రోలర్లను కొనుడు. మందపు పలకల పని యెప్పుడో యొకప్పుడు వచ్చినచో, పట్టణపు కార్ఖానాలో కూలి యిచ్చి వంచించుకొనుడు. సర్వసభ్య సమావేశమునకు ముందు, ఏడాదిలో మీ గ్రామమునకు ఏ మందపు రేకుతో ఎన్ని వస్తువులు కావలసివచ్చునో వ్రాసికొని రండు. ఆ పట్టికను బట్టియే యంత్రమును నిర్ణయింపవలెను.