మీకు తెలుసా? కంపెనీ పేరెత్తి పాడితే...

● 2015 జులై ఆఖర్లో చెన్నై ర్యాపర్ సోఫియా అష్రఫ్ పాట 'కొడైకెనాల్ వోంట్' యూట్యూబ్‌లోకి వచ్చింది. బాణీ అమెరికన్ గాయని నిక్కీ మినాజ్ 'అనకొండ'ది. హుషారంతా ఆ బాణీదే, చెప్పింది మాత్రం పాదరసం గోడు. కొడైకెనాల్‌లో హిందుస్థాన్ యూనిలీవర్‌కు థర్మామీటర్ల ఫ్యాక్టరీ ఉండేది. పగిలిన థర్మామీటర్ల గాజు, పాదరసం ఇంకా అంటుకునే ఉండగా, ఊళ్లో పాతసామాన్ల కొట్టుకు చేరిందని 2001లో బయటపడింది. ఫ్యాక్టరీ మూతపడింది. కార్మికులు ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు. పాట వచ్చాక నిక్కీ మినాజే దాన్ని ట్విట్టర్‌లో పెట్టింది. యూనిలీవర్ సీఈఓ కూడా అక్కడే బదులివ్వాల్సి వచ్చింది. 2016 మార్చిలో 591 మంది మాజీ కార్మికులతో కంపెనీ ఒప్పందం చేసుకుంది. అదంతా పాట చలవే అంటే కార్మికుల పోరాటాన్ని చిన్నబుచ్చినట్టే. కాకపోతే పదిహేనేళ్లు నానిన కార్మికుల వ్యవహారం పాట వచ్చిన ఎనిమిది నెలల్లోపే తెమిలింది.

● అమెరికాలో ఉత్తరాలు పంచే ఉద్యోగం చేసిన జాన్ ప్రైన్, తండ్రి పుట్టిపెరిగిన కెంటకీ ప్రాంతం మీద 'ప్యారడైజ్' రాశాడు (1971). బొగ్గు కోసం నేలను తవ్విపారేసిన పీబాడీ కంపెనీ పేరు అందులో నేరుగా ఉంది. కంపెనీ ఊరుకోకుండా ప్రైన్ మాటలు తప్పంటూ కరపత్రం వేసింది. పాటకు కరపత్రంతో జవాబా! నాలుగు దశాబ్దాల తర్వాత, వాటాదారుల సమావేశం బయట అరెస్టయిన ఇద్దరు నిరసనకారులు తమ దావాలో ఆ పాట చరణాలే ఎత్తిరాశారు. వాటిని కొట్టేయమని పీబాడీ అడిగితే జడ్జి ఒప్పుకోలేదు.

● ఆస్ట్రేలియా బ్యాండ్ మిడ్‌నైట్ ఆయిల్ 1990లో న్యూయార్క్‌లోని చమురు కంపెనీ ఎక్సాన్ భవనం ముందు లారీ మీదెక్కి కచేరీ చేసింది. అంతకు ముందు ఏడాది ఎక్సాన్ నౌక అలాస్కా సముద్రంలో చమురు ఒలకబోసింది. ఆ బ్యాండ్ గాయకుడు పీటర్ గారెట్ 2007లో పర్యావరణ మంత్రయ్యాడు. యురేనియానికి వ్యతిరేకంగా ఊరేగిన ఆయనే 2009లో ఒక యురేనియం గనికి అనుమతిచ్చాడు. కుర్చీ మహిమ!

● కర్ణాటక సంగీతంలోనూ ఇలాంటి పాట ఉంది. 2017లో టి.ఎం. కృష్ణ పాడిన 'చెన్నై పోరంబోకు పాడల్' ఆనందభైరవితో మొదలయ్యే రాగమాలిక, సాహిత్యం మాత్రం చెన్నై వీధి తమిళం. చిత్రీకరణ చెన్నై శివారు ఎన్నూరులో, విద్యుత్ కేంద్రాల బూడిద పేరుకున్న చోట. పోరంబోకు అంటే శిస్తు లేని, ఊరందరిదీ అయిన భూమి. తర్వాత్తర్వాత అది పనికిమాలినవాణ్ని తిట్టే తిట్టయింది. ఈ తిట్టు మనకూ కొత్తేం కాదు. మన ఊరి భూముల లెక్క అడంగల్ తిరగేస్తే చెరువు పోరంబోకు, వాగు పోరంబోకు, శ్మశాన పోరంబోకు.