ఉబ్బిన బ్యాటరీని సూదితో పొడవకండి



మొన్న మన బడిలో ఒక బాబు ఉబ్బిన సెల్‌ఫోన్ బ్యాటరీ తెచ్చి, గుండుసూదితో పొడిచి గాలి తీయబోయాడు. టీచరుగారు చూసి ఆపారు, సరిపోయింది. "లోపల ఏముంటుంది సార్?" అని అడిగాడు. అందరికీ చెప్పాల్సిన సంగతే.

ఉప్పునీళ్లలో కరెంటు పారి బల్బు వెలగడం పదో తరగతి పిల్లలు చూశారు. బ్యాటరీలోనూ ఒక ఉప్పు ఉంటుంది, నీళ్లు మాత్రం ఉండవు. దాని పేరు లిథియం హెక్సాఫ్లోరోఫాస్ఫేట్. ఇథిలీన్ కార్బొనేట్ వంటి ద్రవాల్లో కరిగిస్తే లిథియం అయాన్లు విడివడతాయి. ఛార్జింగ్ పెడితే అయాన్లు ఈ ద్రవం గుండా గ్రాఫైట్ పొరల్లోకి చేరతాయి. ఫోన్ వాడుతుంటే వెనక్కి వస్తాయి. ఎలక్ట్రాన్లకు ఇందులో దారి లేదు, బయటి తీగ గుండానే పోవాలి. మనం వాడుకునే కరెంటు అదే.

నీళ్లెందుకు వాడరు? ఈ సెల్ సుమారు 3.7 వోల్టులది. నీరు 1.23 వోల్టులు దాటితే విడిపోగలదు. పైగా తడి తగిలితే ఈ ఉప్పు నుంచి హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పుడుతుంది. అది గాజునే తినేస్తుంది!

లోపలి ద్రవానికి మంట అంటుకుంటుంది. రెండు ధ్రువాల మధ్య ఉన్నది సన్నటి ప్లాస్టిక్ పొరే. సూది దిగితే పొర చిరిగి, ధ్రువాలు కలిసి, నిప్పు పుట్టవచ్చు.

కాబట్టి బ్యాటరీ ఉబ్బితే ఛార్జింగ్ ఆపండి. నొక్కవద్దు, పొడవవద్దు, చెత్తబుట్టలో వేయవద్దు. పెద్దలే జాగ్రత్తగా రిపేరు షాపులో అప్పగించండి. దిండు కింద ఫోన్ పెట్టి ఛార్జింగ్ చేయడం కూడా ఈ రోజే మానుకోండి.

— ప్రధానోపాధ్యాయుడు