చెనక్కాయలో వేరుపురుగు: మొక్క వాడాక కాదు, తొలి వానకే పట్టుకోవాలి

వేరుశనగ వేసిన 30-40 రోజులకు చేనులో అక్కడక్కడా మొక్కలు గుంపులుగా వాడిపోతుంటే చాలామంది ముందు అనుకునేది బెట్ట అని, లేకపోతే తెగులు అని. వాడిన మొక్కను పట్టుకుని లాగండి. ఏ పట్టూ లేకుండా చేతికొచ్చేసి, తల్లివేరు కొరికేసినట్టు తెగి ఉంటే అది వేరుపురుగు పనే. కుళ్ళు తెగులైతే వేరు మెత్తబడి రంగు మారుతుంది, మొదట్లో బూజు కనిపిస్తుంది. చెదలైతే వేరు లోపల డొల్ల చేసి మట్టి నింపుతాయి. ఈ మూడింటికీ మందు వేరు, అందుకే పీకి చూడకుండా ఏదీ పోయొద్దు.

అదే చోట పారతో జానెడు లోతు తవ్వితే ఇంగ్లీషు సి అక్షరంలా వంగిన తెల్లటి పురుగు దొరుకుతుంది. తల గోధుమరంగు, ముందువైపు మూడు జతల కాళ్ళు. దీనికీ ఎరువు దిబ్బలో కనిపించే తెల్ల పురుగులకూ తేడా తెలుసుకోవాలి. దిబ్బలో ఉండే వాటిలో కొన్ని కుళ్ళిన చెత్త తిని ఎరువు చేసేవే. నేలమీద వదిలితే అవి వెల్లకిలా పడి వీపుతో పాకుతాయి. వేరుపురుగు అలా పాకదు. కింది వీడియోలో రెండింటినీ పక్కపక్కన పెట్టి చూపించాను, ఒకసారి చూస్తే ఇక మర్చిపోరు.

అసలు కీలకం దీని జీవితంలో ఉంది. ఏడాదికి ఒకటే తరం. ముంగారు వాన గట్టిగా పడిన సాయంత్రం, చీకటి పడుతుండగా తల్లి పెంకుపురుగులు భూమిలోంచి లేస్తాయి. దగ్గర్లోని వేప, తుమ్మ, రేగు, మునగ చెట్లమీద వాలి, ఆకు తిని, జతకట్టి, తెల్లవారకముందే మళ్ళీ మట్టిలోకి పోతాయి. అక్కడ ఆడవి గుడ్లు పెడతాయి. వారం పది రోజుల్లో పిల్లలు వస్తాయి, రెండు మూడు నెలలు వేర్లే తిండి. ఎర్ర గరప నేలల్లో ఇవి ఎక్కువ.

వేప అంటే పురుగులన్నీ పారిపోతాయని మనకు ఒక నమ్మకం. ఈ పెంకుపురుగుకు వేపాకే విందు! చేను గట్టున వేపచెట్టు ఉందంటే దాన్ని కొట్టేయాల్సిన పనిలేదు, అదే మన ఎర. తొలి వాన పడ్డాక మూడు నాలుగు రాత్రులు, ఏడున్నర ఎనిమిది దాటాక చెట్టు కింద పాత పట్ట పరిచి, దోటితో కొమ్మలు గట్టిగా దులపండి. రాలినవాటిని కిరోసిన్ కలిపిన నీళ్ళ బక్కెట్లో వేయండి. ఒక ఆడపురుగు పోతే పదుల కొద్దీ గుడ్లు పోయినట్టే. దీపపు ఎర పెట్టుకోవచ్చు, కానీ నా లెక్కలో అది ఈరోజు లేచాయా లేదా చెప్పే గడియారం మాత్రమే. పట్టాల్సింది చెట్టుమీదే.

ఇది ఒక్క రైతు చేస్తే సగం పనే. పక్క చేనులో లేచినవి మన చేనుకు రావడానికి గట్టు అడ్డం కాదు. రాజస్థాన్, గుజరాత్‌లలో ఊరంతా కలిసి చెట్లు దులిపే పద్ధతినే నడిపించారు. మన దగ్గర సంఘాల అక్కలు, పిల్లలు తలచుకుంటే రెండు రాత్రుల పని.

నేలలో మిగిలిన వాటికి మెటారైజియం. ఎకరాకు 2 కిలోల పొడిని 100 కిలోల బాగా చివికిన పశువుల ఎరువులో కలిపి, నీళ్ళు చిలకరించి, నీడలో గోనెపట్టాలు కప్పి వారం ఉంచండి. చివరి దుక్కిలో, నేల తడిగా ఉన్నప్పుడు, సాయంత్రం పూట చల్లి వెంటనే కలియదున్నాలి. పొడి నేలలో, ఎండలో చల్లితే డబ్బు దండగ. తర్వాత తవ్వినప్పుడు పురుగుమీద పచ్చటి బూజు కనిపిస్తే పని జరుగుతోందని గుర్తు. పచ్చి పేడ మాత్రం చేనులోకి తోలొద్దు.

కొందరికి నచ్చకపోవచ్చు గానీ చెప్తాను: జీవామృతం నేలకు మంచిదే, ఈ పురుగును చంపదు. మొక్కలు వాడాక డ్రమ్ములకొద్దీ పోసి ఫలితం లేదనడం జీవామృతం తప్పు కాదు. ఆ దశలో చేయగలిగింది వాడిన చోట, దాని చుట్టూ ఉన్న మొక్కల మొదళ్ళలో తవ్వి పురుగులు ఏరడమే. పక్కవాటికి పాకకుండా అయినా ఆగుతుంది.

కోత అయిన చేనులో ఈ ఏడు పురుగు కనిపించి ఉంటే, వేసవి దుక్కి లోతుగా, పొద్దున పూట దున్నండి. నాగలి వెనకే కొంగలు, కాకులు, గోరింకలు వస్తాయి. ఆ రెండు గంటలూ వాటిని తోలకండి.